నడిగడ్డ సర్పంచులకు, సీడ్ ఆర్గనైజర్లకు: ఈ ఆగస్టులో మా తొమ్మిదో తరగతిని మాకు వదిలేయండి

నమస్తే.

మన నడిగడ్డల, అంటే జోగులాంబ గద్వాల జిల్లాల, 2025 డిసెంబర్ ఎలక్షన్లల్లో గెలిచిన సర్పంచ్ అన్నలకు, సర్పంచ్ అక్కలకు (అక్కలకు అంటే అక్కలకే, పక్క కుర్చీలో కూర్చొని ఫోన్ ఎత్తే బావలకు కాదు), గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ దిక్కు ఊర్లల్లో కంపెనీలకు, రైతులకు మధ్యల ఉండి సీడ్ పత్తి (విత్తనం కోసం వేసే పత్తి) పెట్టించే ఆర్గనైజర్లకు ఈ ఉత్తరం. కలెక్టర్‌కు రాయొచ్చు కదా, మంత్రికి రాయొచ్చు కదా అని మా స్టాఫ్‌రూంలో అన్నరు. వాళ్లకు రాసేటోళ్లు రాస్తనే ఉన్నరు. మన పిల్లలు బడి మధ్యల మానకుండ నేను చెప్పబోయే రెండు పనులు హైదరాబాద్‌లో కూర్చుంటే అయ్యేవి కావు, మీ చేతుల్లో ఉన్నయి, అందుకే మీకు రాస్తున్న. కొన్ని ఊర్లల్లో సర్పంచ్, ఆర్గనైజర్ ఒకటే ఇంట్ల ఉంటరు కాబట్టి ఒక్క ఉత్తరం సరిపోతది కూడా.

నేను ఈ జిల్లాలోనే పుట్టిన, ఇక్కడే ఒక జడ్పీ హైస్కూల్లో పాఠాలు చెప్తున్న. ఊరి పేరు, బడి పేరు రాయను, రాస్తే ఏ పిల్ల ఎవరి బిడ్డనో మీరు ఇట్టే పోల్చుకుంటరు.

2011 జనాభా లెక్కల్లో మన జోగులాంబ గద్వాల అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రం మొత్తం మీద మనమే కింద. రాష్ట్ర సగటు 66 దాటితే మనం యాభై కూడా అందుకోలే. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యల మనం, నీళ్లకు ఏం తక్కువ చెప్పండి. ఈ అంకె ప్రతి మీటింగ్‌లో ప్రతి లీడర్ చదువుతడు, చదివి "తల్లిదండ్రుల్లో అవగాహన లేదు" అంటడు, చాయ్ తాగి పోతడు. ఆ అవగాహన అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతది. తల్లిదండ్రులకు అవగాహన లేక కాదు. నేను పోయిన ప్రతి ఇంట్ల "సార్లు మా పిల్లను మంచిగ చదివిపియ్యాలె, మా లెక్క కావొద్దు" అనే అంటరు. మరి ఎక్కడ తెగుతుంది? నేను చూసినంతల రెండు చోట్ల తెగుతుంది, ఒకటి జూన్‌లో, ఒకటి ఆగస్టులో.

జూన్ సంగతి ముందు. మన చిన్న ఊర్లల్లో బడి అయిదు దాకా ఉంటది, కొన్నిట్ల ఏడు దాకా. ఆ పైన చదవాలంటే హైస్కూల్ ఉన్న ఊరికి పోవాలె. అయిదో, ఏడో అయిపోంగనే ఆ బడి హెడ్మాస్టర్ ఒక టీసీ రాసి పిల్ల చేతుల పెడతడు, ఆయన పని అక్కడికి అయిపోయింది, ఆయన రికార్డుల ఆ పిల్ల పాసై పోయింది. మా హైస్కూల్ రికార్డుల ఆ పిల్ల ఇంకా రాలేదు కాబట్టి మాకు ఆమె పేరే తెల్వదు. ఈ రెండు రిజిస్టర్ల మధ్యల పిల్ల ఎవరిదీ కాదు. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్ అని ఒకటి ఉంటది, ఒక బడి నుంచి పోయి ఇంకో బడిల చేరని పిల్లల పేర్లు అందుల పడుంటయి, సెప్టెంబర్‌ల పైనుంచి ఫోన్ వస్తే అప్పుడు మేం ఆ పేర్లు పట్టుకొని తిరుగుతం. అప్పటికి ఏముంటది.

అట్ల ఒక ఇంటికి పోయినప్పుడు చూసిన. తల్లి ట్రంకు పెట్టె తీసింది, అందుల ఒక పాలిథిన్ కవర్, కవర్ల రేషన్ కార్డు, అందరి ఆధార్లు, సంఘం లోన్ పాస్‌బుక్, వాటి మధ్యల నాలుగు మడతలు పెట్టి పాప టీసీ. ఎంత భద్రంగా పెట్టుకుందో. "ఏడు పాసైంది సారూ, కాయితం ఇచ్చిన్రు" అని మురుసుకుంట చూపెట్టింది. ఆ కాయితం తీసుకుపోయి ఇంకో బడిల ఇయ్యాలని ఆమెకు ఎవ్వరూ చెప్పలే. పాప గడప దగ్గర నిలబడి వింటుంది, ఏమ్మా చదువుతవా అంటే తల్లి మొహం చూసింది, తల్లి తండ్రి దిక్కు చూసింది, తండ్రి "బస్సు లేదు కదా సారూ" అన్నడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. బస్సు సంగతి కింద రాస్త.

సర్పంచ్ అన్నలూ అక్కలూ, ఇక్కడ మీరు చేసే పని చాలా చిన్నది. టీసీ పిల్ల చేతికి ఇయ్యనియ్యకండి. ఏప్రిల్‌లోనే మీ ఊరి బడికి పోయి అయిదు, ఏడు అయిపోయిన పిల్లల లిస్టు తీసుకోండి, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంల ఒక రోజు పెట్టుకొని, ఆ హెడ్మాస్టర్‌ను, మహిళా సంఘం అధ్యక్షురాలిని వెంటబెట్టుకొని, పిల్లలందరినీ ఒక్కసారే హైస్కూల్‌కు తీసుకొచ్చి చేర్పించండి. బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి 2024 నుంచి ఆ అధ్యక్షురాలే చైర్‌పర్సన్ కదా, బాత్రూం రిపేర్ బిల్లుల మీద సంతకం పెట్టేదీ ఆమెనే, పిల్లల మీద కూడా ఆమెకు హక్కు ఉంటది. ఎట్లాగూ జూన్‌లో బడిబాట అని ర్యాలీ తీస్తం, మీరూ వస్తరు, బ్యానర్ పట్టుకొని ఫోటో దిగుతం. ఆ ర్యాలీ బజార్ల తిరిగి వాపస్ వచ్చే బదులు హైస్కూల్ దాకా రానీయండి. చేరని పిల్ల ఎవరైనా ఉంటే తర్వాత గ్రామసభలో ఆ పేరు చదవండి, తిట్టడానికి కాదు, ఎందుకు రాలేదో అడగడానికి.

గురుకులాలు ఉన్నయి కదా, కస్తూర్బాలు ఉన్నయి కదా అంటరు. ఉన్నయి, మంచివే, అక్కడ సీటు వచ్చిన పిల్లలు బతికిపోయిన్రు, కస్తూర్బాల్లో చానావాటిల ఇప్పుడు ఇంటర్ దాకా ఉంది. కానీ గురుకులానికి అయిదుకు పోయే ముందు ఎంట్రన్స్ రాయాలె, రాసిన అందరికీ సీటు రాదు. సీటు వచ్చిన నలుగురిని చూసి ఊరు మొత్తం చదువుకున్నట్టే లెక్కేసుకుంటున్నం. మిగిలినోళ్లకు దిక్కు జడ్పీ హైస్కూలే.

ఇగ ఆగస్టు. ఇది ఆర్గనైజర్ అన్నలకు.

మీకు నేను సీడ్ పత్తి గురించి చెప్పేదేముంది, కానీ ఇది వేరే జిల్లాలోళ్లు కూడా చదువుతరు కాబట్టి రాస్తున్న. హైబ్రిడ్ పత్తి విత్తనం మిషన్ల తయారు కాదు, చేత్తో చేస్తరు. రేపు విచ్చుకునే మొగ్గను ఇయ్యాల మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే లోపల చూసి పట్టుకొని, అందుల పుప్పొడి ఉండే భాగం గోరుతో ఒలిచి తీసేస్తరు, తెల్లారినంక మగ సాళ్లల్ల పూలు తెంపుకొచ్చి దానికి రుద్దుతరు. దీన్నే క్రాసింగ్ అంటరు. ఒక్కొక్క పువ్వుకు ఇట్ల చెయ్యాలె, చేను మొత్తం, రోజూ, సుమారు ఆగస్టు నుంచి అక్టోబర్, నవంబర్ దాకా. పొద్దున ఒక పని, మధ్యాహ్నం ఒక పని, అంటే సరిగ్గా బడి టైం. ఆరింటికే ఆటోలు వచ్చి ఊరి బయట ఆగుతయి, పిల్లలను మేస్త్రీ లెక్కబెట్టుకొని ఎక్కిస్తడు. కర్నూలు దిక్కు నుంచి కూడా వలస వస్తరు.

మా తొమ్మిదో తరగతి రిజిస్టర్ మీరు ఎప్పుడైనా చూస్తే బాగుండు. జులై పేజీ నిండుగా ఉంటది. ఆగస్టు 15కు జెండా ఎగరేసి చాక్లెట్లు పంచేనాటికి ఆడపిల్లల వరుసలు పలచబడతయి, సెప్టెంబర్ పేజీ అంతా ఆబ్సెంట్లే. మధ్యల ఒకనాడు వానొచ్చి పని లేకుంటే వస్తరు, వచ్చినోళ్ల గోర్ల సందుల పసుపుపచ్చగ పుప్పొడి అట్లనే ఉంటది, బొటనవేలు గోరు అరిగిపోయి పెన్ను సరిగ పట్టుకోరాదు. ఎందుకు రాలేదు అని నేను అడగడం మానేసిన, ఎందుకంటే ఏం చెప్తదో నాకు తెలుసు. దసరా సెలవులని పోయినోళ్లు దీపావళికి కూడా రారు. నవంబర్‌ల వచ్చి వెనక బెంచీల కూర్చుంటరు. అప్పటికి లెక్కల్లో బహుపదులు అయిపోయినయి, సైన్స్‌లో సగం పుస్తకం అయిపోయింది, ఎస్ఏ వన్ పరీక్ష అయిపోయింది లేదా రేపో మాపో ఉంటది, పాపం ఆ పిల్ల నోట్స్ రాసుకుంటది గానీ ఏం రాస్తుందో ఆమెకే తెల్వదు, నాలుగు రోజులు చూస్తది, తెలివైన పిల్లలకే ఎక్కువ సిగ్గు ఉంటది, సంక్రాంతికి ఇంటికి పోయి మళ్ల రాదు. ఇంట్లోళ్లు "దానికి చదువు అబ్బలే" అంటరు. అబ్బకపోవుడు కాదు, మూడు నెలలు మనం లాక్కున్నం.

పదో తరగతి పాస్ పర్సెంటేజీ పేపర్ల చూసి సంతోషపడకండి. 2025లో రాష్ట్రంల 92.78 శాతం పాస్ అన్నరు. పరీక్ష రాసినోళ్లల్ల అది. తొమ్మిదిలనే పోయిన పిల్ల ఆ లెక్కలోకే రాదు, ఫెయిల్ కూడా కాదు.

చట్టం ఉంది కదా అంటే, చట్టం సంగతి చూడండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అది 6 నుంచి 14 ఏళ్ల దాకే, ఎనిమిదో తరగతి దాకే. బాలకార్మిక చట్టాన్ని 2016ల మార్చిన్రు, 14 లోపు పిల్లలను పనిల పెట్టుకోవద్దన్నరు, 14 నుంచి 18 మధ్య ఉన్నోళ్లను మాత్రం ప్రమాదకరమైన పనులల్లనే పెట్టుకోవద్దన్నరు, అందుల గనులు, పేలుడు సామాన్లు వచ్చినయి గానీ పత్తి చేను రాలే, మందు కొట్టిన చేన్ల నిలబడినా సరే. ఇంట్లోళ్లకు సాయం అంటే బడి టైం కాకుండ అయితే 14 లోపోళ్లకు కూడా ఒప్పుకున్నరు. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల వయసు ఎంత? పద్నాలుగు, పదిహేను. బడి హక్కు అయిపోయేదీ అప్పుడే, పని నుంచి కాపాడే చట్టం చెయ్యి వదిలేదీ అప్పుడే. అందుకే అధికారులు చెకింగ్‌కు వచ్చినా మీరు ధీమాగా "అంతా 14 దాటినోళ్లే సార్" అంటరు. నిజమే చెప్తున్నరు, అదే బాధ.

కళ్యాణలక్ష్మి గురించి కూడా ఒక మాట, ఎవరికన్నా కోపం వస్తే రానీ. పెండ్లి పిల్లకు 18 నిండితేనే సర్కారు నుంచి 1,00,116 రూపాయలు వస్తయి కాబట్టి మన దిక్కు చానా ఇండ్లల్ల పెండ్లి 18 దాకా ఆపుతున్నరు, అది మంచిదే, ఆ స్కీమ్‌కు నేను వ్యతిరేకం కాదు. కానీ 15కు బడి మానేసిన పిల్ల ఆ మూడేండ్లు ఏం చేస్తుందని ఎవరన్న అడిగిన్రా? క్రాసింగ్‌కు పోతుంది, ఆ పైసలు కూడబెట్టి ఆమె పెండ్లి ఆమెనే చేసుకుంటుంది. మీ దగ్గర తల్లిదండ్రులు ఎండకాలం తీసుకున్న అడ్వాన్స్ తీర్చేది కూడా ఆమెనే.

మీ వాదన నాకు తెలుసు, చాయ్ హోటల్ కాడ విన్నదే. పిల్లల వేళ్లు సన్నగుంటయి, మొగ్గ నలగదు, పెద్దోళ్లకు నడుం పట్టేస్తది అంటరు. ఇది చెప్పుకునే మాట అన్నా. పెద్దోళ్లు చేసే చేండ్లు లేవా, వాటి విత్తనం జీవోటీల (విత్తనం స్వచ్ఛత చూసే పరీక్షల) ఫెయిల్ అయితుందా? అసలు సంగతి కూలి. పెద్దామెకు ఇచ్చే కూలి పిల్లకు ఇయ్యక్కర్లే, పిల్ల ఎదురు మాట్లాడదు, ఎండ అని పని ఆపి కూర్చోదు. ఇంకో మాట అంటరు, కంపెనీ మాకు ఇచ్చే రేటే తక్కువ, జీవోటీ ఫెయిల్ అయితే రైతు మునుగుతడు, మేం మునుగుతం అని. దీన్ని నేను కొట్టిపారేయను. కంపెనీ రేటు కంపెనీ చెప్తది, విత్తనం ఫెయిల్ అన్నది కంపెనీయే చెప్తది, రైతు చేతిల సరిగ్గ ఒక అగ్రిమెంట్ కాయితం కూడా ఉండదు. కానీ 2025లో బీటీ పత్తి ప్యాకెట్ ధర కేంద్రం 901 రూపాయలు పెట్టింది, అంతకు ముందేడు 864 ఉండే. ఏడాదిల 37 రూపాయలు పెరిగింది. ఆ పెరిగిన దాంట్ల మొగ్గ ఒలిచిన చేతికి ఎంత వచ్చిందో మీరే లెక్కేసి చూడండి. కంపెనీల మీద కొట్లాడితే మేం మీ పక్కన నిలబడతం, మా యూనియన్లోళ్లను కూడా తెస్త. ఆ కొట్లాట పెద్దోళ్ల కూలి కోసం జరగాలె, పిల్లలను అడ్డం పెట్టుకొని కాదు.

ఇరవై ఏండ్ల కింద ఈ సీడ్ పత్తిల పిల్లలు పనిచేస్తున్నరని రిపోర్టులు విదేశాల దాకా పోయినయి, అప్పుడు పెద్ద కంపెనీలు ఉలిక్కిపడి పిల్లలను పెట్టొద్దని షరతులు రాసుకున్నయి. చిన్నపిల్లలు తగ్గిన్రు, నిజం, నా చిన్నప్పుడు చూసిన ఎనిమిదేండ్ల, తొమ్మిదేండ్ల పిల్లలు ఇప్పుడు అంతగా కనపడరు. అంటే అనుకుంటే అయితది. ఆపింది ఎవరో కాదు, మీరే. ఇంకొంచెం ముందుకు జరపమంటున్న, అంతే.

నేను అడిగేది ఇది. పదో తరగతి దాకా బడిల పేరున్న ఏ పిల్లనైనా, పిలగాడినైనా, బడి రోజు చేన్ల పెట్టుకోవద్దని అడ్వాన్స్ ఇచ్చే నాడే రైతుకు, మేస్త్రీకి చెప్పండి. సీజన్ మొదలైనంక చెప్తే ఎవడూ వినడు, అప్పటికి పైసలు చేతులు మారినయి. వయసు అడగకండి, ఆధార్ల పుట్టిన తేదీలు మన దిక్కు ఎట్లుంటయో మనకు తెల్వదా, సగం మంది జనవరి ఒకటినే పుట్టిన్రు. బడిల పేరుందా లేదా అన్నదే చూడండి, ఆ లిస్టు నేనిస్త. ఆదివారం నాడు, సెలవు నాడు సొంత చేన్ల అమ్మకు సాయం చేస్తే నేనేమనను, మందు కొట్టిన రోజు మాత్రం వద్దు.

ఇగ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ బస్సు, ఆడపిల్లలకు పాస్ గొడవ కూడా లేదు. కానీ ఫ్రీ బస్సు కావాలంటే ముందు బస్సు రావాలె కదా. తొమ్మిదింటికి ప్రేయర్ అయితే బస్సు పదిన్నరకు వస్తది, లేకుంటే తెల్లారగట్లనే వచ్చిపోతది. ఇంకా పెద్ద చిక్కు పదో తరగతికి. జనవరి నుంచి స్పెషల్ క్లాసులు, సాయంత్రం దాకా ఉంచుతం, స్నాక్స్ పెడతం, అంతా బాగుంది, పొద్దుగూకినంక ఆడపిల్ల మూడు కిలోమీటర్లు చేండ్ల నడుమ నుంచి ఎట్ల పోవాలె? అందుకే మంచిగ చదివే పిల్లలు కూడా స్పెషల్ క్లాస్ ఎగ్గొట్టి నాలుగున్నరకే పోతరు, లేదా తండ్రి బడే వద్దంటడు. నలుగురు సర్పంచులు కలిసి పంచాయతీ తీర్మానం రాసి, పిల్లల సంఖ్య వేసి, డిపో మేనేజర్ దగ్గరికి స్వయంగా పోండి. మేం రాస్తే టీచర్ల కాయితం, మీరు పోతే ఓట్ల కాయితం. బస్సు రానే రాదంటే ఆటో పెట్టండి. సమగ్ర శిక్ష అనే సర్కారు స్కీమ్‌ల బడి దూరం ఉన్న పిల్లలకు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఉంది, ఏడాదికి 6,000 దాకా, హైస్కూల్ పిల్లలకు కూడా ఇయ్యొచ్చని రూల్ మార్చి చానా రోజులైంది. అడిగేటోడు లేక అట్లనే ఉంది. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుల ఆ లిస్టుల మీ ఊరి పేరు ఉందో లేదో ఒకసారి అడగండి.

ఎన్ఎంఎంఎస్ అని ఒక స్కాలర్‌షిప్ ఉంది, మీల ఎంతమందికి తెలుసో. సర్కారు బడిల ఎనిమిదో తరగతి పిల్లలకు పరీక్ష పెడతరు, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపల ఉండాలె. గురుకులం, కస్తూర్బా పిల్లలకు ఇది లేదు, మా జడ్పీ బడి లాంటి బడుల పిల్లలకే. అప్లై చేసే టైం మాత్రం మామూలుగా క్రాసింగ్ సీజన్‌లనే వస్తది, పిల్ల చేన్ల ఉంటది, ఇన్‌కం సర్టిఫికెట్ కోసం మీసేవకు పోవాలంటే తండ్రికి ఒక రోజు కూలి పోతది, అట్ల చానామంది వదిలేసుకుంటరు. జులైల ఒక రోజు మీసేవ ఆపరేటర్‌ను ఊర్లకే పిలిపించి ఎనిమిదో తరగతి పిల్లలందరికీ ఇన్‌కం, క్యాస్ట్ సర్టిఫికెట్లకు ఒక్కసారే అప్లై చేయిస్తే ఎంత ఖర్చయితది? మీ ప్రమాణ స్వీకారం నాడు పెట్టిన ఫ్లెక్సీలంత కాదు.

బాత్రూంల నీళ్ల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అయితది. పంచాయతీ ట్యాంకు నుంచి బడికి పైపు కనెక్షన్ ఉందా, ఉంటే నీళ్లు వస్తున్నయా, నెలల ఆ అయిదు రోజులు ఆడపిల్లలు ఎందుకు వస్తలేరో సర్పంచ్ అక్కలకు నేను విడమరిచి చెప్పక్కర్లే.

ఇవన్నీ పుస్తకాల మాటలు అనేటోళ్లకు ఒకటి చెప్త. రంగారెడ్డి జిల్లాల 1990లల్ల ఎంవీ ఫౌండేషన్ వాళ్లు ఈ పనే చేసిన్రు, శాంతా సిన్హా మేడమ్‌కు 2003ల మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. బడికి పోని పిల్ల ఏ పని చేస్తున్నా బాలకార్మికురాలే అని వాళ్లు గట్టిగ నిలబడ్డరు, పని మాన్పించిన పిల్లలను క్యాంపుల పెట్టి, వెనకబడిన చదువు చెప్పి, వయసుకు తగ్గ క్లాసుల కూర్చోబెట్టిన్రు. అక్కడ కూడా పేదరికం ఉండే, అప్పులుండే, పిల్లలను పనికి పెట్టుకున్న ఆసాములుండిరి. ఊరి యువకులు, పంచాయతీలోళ్లు ఆ ఆసాముల ఇండ్లకు పోయి మాట్లాడిన్రు. మన దిక్కు కూడా నవంబర్‌ల వాపస్ వచ్చే పిల్లలకు సాయంత్రం ఒక గంట పంచాయతీ ఆఫీసుల కూర్చోబెట్టి చెప్పేటోళ్లు కావాలె, డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లలు ప్రతి ఊర్ల నలుగురు ఉన్నరు, వాళ్లకు నెలకింత అని మీరు ఇస్తే మెటీరియల్ నేను తయారు చేసిస్త, లెక్కలు, ఇంగ్లిష్ రెండు చాలు.

"ఓపెన్ టెన్త్ రాపిద్దాంలే" అని మాత్రం అనకండి. మానేసి ఏండ్లు గడిచినోళ్లకు అది ఆసరా, నేను కాదనను. బడిల ఉన్న పిల్లను బయటకు తీసి, ఓపెన్ ఉంది కదా అనుడు వేరే.

జూన్‌ల బడి తెరిచే లోపల మీ మీ ఊర్ల లిస్టులు నేను రాసిపెడత, ఏ పిల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి రావాలో పేరు, తండ్రి పేరుతో సహా, అది ఆన్‌లైన్ల పెట్టను, మీ చేతికే ఇస్త. ఆర్గనైజర్ అన్నలు మేస్త్రీలతోని అడ్వాన్స్ మాటలు ఎప్పుడు పెట్టుకుంటరో ఆ తేదీ చెప్తే బడి అయిపోయినంక నేను వస్త, పది నిమిషాలు మాట్లాడనిస్తే చాలు. మీ నంబర్లు నా దగ్గర ఉన్నయి, నా నంబర్ మీ దగ్గర ఉంది. రేట్ల లొల్లి అయినంక కాకుండ, ముందే పిలవండి.

ఇట్లు
మీ పిల్లలకే పాఠాలు చెప్పే ఒక టీచర్